అంచులో చోటు

గద్వాలలో భీమన్న నేసే చీరలను ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టేది మేనకోడలు వర్ష. ఆ రోజు ఆమె కొత్త లాప్‌టాప్ తెచ్చి మగ్గం పక్కన తెరిచింది. తెర పైభాగాన నడిమధ్య నల్లటి గాటు చూసి భీమన్న మొహం చిట్లించాడు.

"ఏంది బిడ్డా, కొత్తదాన్ల గీ మచ్చ?"

"కెమెరా మామా. తెర పెద్దగ కనబడాలని అంచు సన్నం చేసిండ్రు. అంచుల జాగ లేక అది తెరలకు దిగింది."

"జర అంచు ఉంచితే ఏం పోయె వాండ్లకు?" అని విసుక్కున్నాడు.

వర్ష నవ్వింది. "నువ్వు గూడ అంచు లేని చీరలే నేస్తున్నవ్ గద మామా."

నూలు చీరకు పట్టు అంచు కలపాలంటే మగ్గం దగ్గర ఇద్దరుండాలి. అంచు పక్కన కూర్చుని దారం మోసే నాడె అందుకునేది భీమన్న భార్య పెంటమ్మ. నిరుడు ఆమె పోయాక ఆయన అంచులు మానుకున్నాడు. ఒక్కడితో అయ్యే పని పెట్టుకుంటే ఆమె గుర్తుకు రాదనుకున్నాడు.

వర్ష వెళ్లాక మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. ఎదుట అంచు లేని సాదా చీర. అంచులో చోటు పోయిన పెంటమ్మ, సరిగ్గా ఆ చీర నడిమధ్యకు వచ్చి కూర్చుంది.