మసిని దింపిన చోటు

ఆమె బడి పిల్లల యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టర్. పొడవాటి బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైన సుద్దతో గీసి, ఆ గీత వెంట కరెంటు కత్తిని నడిపించడం ఆమె పని. కత్తి ఆడుతున్నంతసేపూ ఆమెను ఎవరూ పలకరించరు. మిషన్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ళు ఆమెకు కత్తెరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు చేతికి ఎంత నప్పిందో నోటికీ అంతే నప్పింది. పెళ్ళి చేసుకోలేదు. మేడ మీద అక్కా బావా, కింది వాటాలో తనూ, తనతోపాటు మసీ.

మసి నల్లకుక్క. వర్క్‌షాపు వెనక పేలికల కుప్పలో కళ్ళు తెరవని కూనగా దొరికితే ఒళ్ళో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ ఊరి చివర పార్కుకు నడిచి వెళ్ళేవారు. పేరుకే పార్కు. ముందు నడుము ఎత్తున గడ్డి పెరిగిన మైదానం, అది దాటితే అడవి. గడ్డిలో మసి కనపడదు. గడ్డి కదిలే తీరును బట్టి ఎక్కడుందో పోల్చుకోవాలి. అడవిలోకి వచ్చాక మాత్రం కాలు విడవకుండా పక్కనే నడిచేది.

ఆమె కడుపులో రాళ్ళున్నాయని డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఆస్పత్రిలో చేరేముందు అక్క చెయ్యి పట్టుకుని చెప్పింది.

"మసి సంగతి నాకొదిలెయ్. నువ్వు బెంగ పెట్టుకోకు."

డిశ్చార్జి రోజున బావ కారు తెచ్చాడు. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. కారు నెత్తిన పసుప్పచ్చ బోర్డు ఉంటుంది. ఇల్లు దగ్గర పడేదాకా వాతావరణం గురించి మాట్లాడి, మలుపు తిరుగుతూ చల్లగా చెప్పాడు.

"గేటు తీసి ఉంటే బయటికి పోయింది మరదలా. ఎంత వెతికాననుకున్నావు. ఈ ఊళ్ళో నాకు తెలియని సందుందా? అన్నీ గాలించాను."

గేటు వెనకాల మసి నీళ్ళ గిన్నె కూడా లేదు. ఎవరో శుభ్రంగా కడిగి అటక మీద పెట్టేశారు. దాన్ని చూడగానే ఆమెకు ఏదో తేడాగా తోచింది. కుట్లు పచ్చిగా ఉండగానే, పొట్ట మీద చెయ్యి అదిమిపట్టుకుని వీధులన్నీ తిరిగింది. చివరికి పార్కుకు వెళ్ళింది.

అక్కడ గడ్డి కోసే పెద్దాయన మిషన్ ఆపి ఆమె చెప్పింది విన్నాడు.

"నల్లకుక్కేనా అమ్మా? కారులో తెచ్చి దింపిపోయారు. నెత్తిన పసుప్పచ్చ బోర్డున్న కారు. బిస్కెట్లు విసిరి, అది తింటుండగా వెళ్ళిపోయారు. పాపం, రోడ్డు దాకా కారు వెనకాల పరిగెత్తింది. మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చుంది. నేను పిలిచినా రాదు. అదిగో, ఆ బండరాయి పక్కన."

మసి ఎముకల గూడైపోయింది. ఆమెను చూసి లేవబోయి, లేవలేక, తోకతో నేలను కొట్టింది. కత్తెరమ్మ అక్కడే మట్టిలో చతికిలబడి దాని తలను ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపు రాలేదు. కడుపులో కుట్లకంటే లోతుగా ఏదో మండింది. ఆ మంటను ఆర్పుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

ఇంటికి రాగానే బావ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు.

"దొరికిందా! ఎక్కడ?"

"రోడ్డు మీద," అంది ఆమె. ఆయన మొహంలోకి ప్రాణం తిరిగి రావడం చూసింది. చూసి, దాచుకుంది.

మసి కోలుకుంది, ఆమె కుట్లూ మానాయి. ఆ మధ్య బావకు షుగరుందని తేలి, రోజూ నడవమన్నారు. ఆమె ఎదురుచూసినంత పనీ అయింది.

"మాతో రండి బావా. ఒక్కరే అయితే విసుగు," అని పిలిచింది.

మొదట్లో మైదానం అంచు వెంటే తిప్పింది. గడ్డిలో పిట్టల్ని చూపించింది, ఆయన ఆయాసపడితే ఆగింది. ఆయన నడుస్తున్నంతసేపూ తన గొప్పలు కోస్తూనే ఉండేవాడు. తన దగ్గర నేర్చుకున్నవాడు ఒక్కడూ బండి గుద్దలేదనీ, తన కళ్ళకు గంతలు కట్టి వదిలినా ఇంటికొచ్చేస్తాననీ. ఆ చివరి మాట విన్నప్పుడు ఆమె మసి మెడ నిమిరింది.

ఒక ఆదివారం సాయంత్రం అడవిలోకి తీసుకెళ్ళింది. దారి వదిలి, వాగు దాటించి, పడిపోయిన మానుల మీదుగా ఎక్కించి దింపి, ఒకే చోటికి రెండువైపుల నుంచీ వచ్చేలా చుట్టూ తిప్పింది. ఆయన చెమటలు తుడుచుకుంటూ ఓ మొద్దు మీద కూలబడ్డాడు.

"ఫోనివ్వండి బావా, మీకో ఫొటో తీస్తాను."

తీసింది. అప్పుడే మసి గొలుసు వదిలేసి, "అయ్యో, ఎటో పోయింది. మీరిక్కడే ఉండండి, పట్టుకొస్తాను," అంది. ఫోను తన చేతిలోనే ఉంది.

అడవి అంచున మైదానం వైపు ఒక బల్ల ఉంది. మసిని పక్కన కూర్చోబెట్టుకుని, సీసాలోంచి దోసిట్లోకి నీళ్ళు వంచి తాగించింది. కాసేపటికి లోపల్నుంచి పిలుపు వినిపించింది.

"మరదలా, దొరికిందా?"

ఇంకాసేపటికి, "ఎక్కడున్నావే?" ఆ తర్వాత మరదలా అన్న పిలుపు పోయి, "ఎవరైనా ఉన్నారా?" మిగిలింది. ఆ గొంతు ఒకసారి ఎడమ నుంచీ, ఒకసారి కుడి నుంచీ వస్తోంది. కూర్చున్నచోట కూర్చోలేక తిరుగుతున్నాడన్నమాట. వెలుతురు పలచబడింది. గొంతు బొంగురుపోయింది. ఆపరేషన్ అయ్యాక అంత హాయిగా ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ప్రతి కేకనూ రుచి చూస్తున్నట్టు విన్నది.

మసి మాత్రం కుదురుగా లేదు. ప్రతి కేకకూ చెవులు నిక్కించి మూలిగింది. చివరికి గొలుసు గుంజుకుని అడవిలోకి దూకింది. కత్తెరమ్మ తిట్టుకుంటూ వెనకాల పరిగెత్తింది.

వెళ్ళేసరికి బావ బురద పంట్లాముతో చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. మసి ఆయన మోకాలికి మూతి రాస్తోంది. దాన్ని వాటేసుకుని ఆయన వెక్కుతున్నాడు. ఆమెకు కుక్క మీద కూడా ఒళ్ళు మండింది.

"దాన్ని ముట్టుకోకండి," అంది.

"ఎటు పోయావు? ప్రాణాలు పోయాయనుకో."

"పోలేదుగా. బండరాయి పక్కన దానికీ పోలేదు."

ఆయన చేతులు వాటంతటవే మసిని వదిలేశాయి. "ఎవరు చెప్పారు?"

"గడ్డి కోసే ఆయన అంతా చూశాడు."

"మీ అక్క కారు దిగనే లేదే. ఆవిడెలా కనపడింది?"

అన్నాక గాని నోరు జారిన సంగతి ఆయనకు తెలియలేదు. దింపిపోయారు అని పెద్దాయన అన్నప్పుడు, ఆ మాటలో ఇద్దరుండొచ్చని కత్తెరమ్మకు తట్టనే లేదు.

"బిస్కెట్లు విసిరిందెవరు?"

బావ తల దించుకున్నాడు. "నీ తలుపు దగ్గర కూర్చుని మసి ఒకటే ఏడుపు. మీ అక్కకు నిద్రలేదు. ఎక్కడైనా వదిలేసి రమ్మని రోజూ పోరింది. నేనొక్కణ్ణే చెయ్యలేనన్నాను. అందుకని తనూ వచ్చి, అద్దం దించి..."

ఫోను ఆయన చేతిలో పెట్టి ఆమె ముందు నడిచింది. ఆయన గొలుసు కొస పట్టుకుని వెనక నడిచాడు.

ఇంటి దగ్గర అక్క మెట్ల మీదే ఉంది.

"ఇంతసేపేమిటే? ఆ బట్టలేమిటి?"

బావ భార్యను చూడకుండా పక్కనుంచి పైకి వెళ్ళిపోయాడు. కత్తెరమ్మ మొదటి మెట్టు దగ్గర ఆగి, నెమ్మదిగా, ఎంతో ఆప్యాయంగా అంది.

"బావకి అడవి చూపించానక్కా. వచ్చే ఆదివారం నువ్వు రా."

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ తర్వాత బావ ఒకరోజు కిందికొచ్చి, తలుపు బయటే నిలబడి క్షమించమని అడిగాడు. ఆమె సరేనంది. ఆయన నిజంగానే మారాడు. ఊళ్ళో సందుల గురించి మాట్లాడడం మానేశాడు. అక్క మాత్రం దిగిరాలేదు, ఒక్క మాట అడగలేదు. చెల్లెలూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అనెయ్యడంతో తేలిపోయే కోపం కాదది.

కత్తెరమ్మ ఇప్పటికీ ఆదివారం తెల్లారగానే మసితో మెట్ల దగ్గర నిలబడి అక్కను నడకకు పిలుస్తుంది. మోకాళ్ళ నొప్పి, బట్టల పని, ఎండ, ఎవరో వస్తున్నారు అంటూ పైనుంచి ఏదో ఒకటి వినిపిస్తుంది. అక్క పార్కు వైపు రోడ్డు కూడా దాటదని బావ చెప్పాడు. శనివారం నుంచే ఆవిడకు అన్నం సయించదట.

పక్కింటావిడ ప్రహరీ మీదుగా చూస్తూ ఓ రోజు అంది.

"ఎన్నిసార్లు కాదన్నా విసుక్కోకుండా పిలుస్తావు. చెల్లెలంటే నువ్వేనమ్మా."

కత్తెరమ్మ నవ్వి, గొలుసు చేతికి చుట్టుకుని, మేడ వైపు తలెత్తి ఇంకాస్త గట్టిగా పిలిచింది.