గిన్నె జారిందన్న మామయ్య

మాజీ సైనికుల ఆఫీసులో మా అమ్మకి పెట్టిన పేరు అప్పీలమ్మ. ఆవిడ మెట్లెక్కే చప్పుడు వింటే చాలు, గుమాస్తాలు ఫైళ్లలో తలలు దూర్చేసేవారు. నేనేం తక్కువ తినలేదు. ఆరేళ్లపాటు ఆ అప్పీళ్లకి నకళ్లు తీసిన జిరాక్సు షాపు నాదే మరి!

గొడవంతా మా మామయ్య గురించి. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. సైన్యంలో వంటవాడు. ముప్ఫై ఏళ్ల కిందట యుద్ధంలో, కొండమీద కాపలా ఉన్నవాళ్లకి భోజనం మోసుకెళ్తుంటే పక్కనే ఫిరంగి గుండు పేలింది. అప్పట్నుంచీ ఎడమకాలు ఈడ్చుకుంటూనే నడుస్తాడు. గాయపడ్డవాళ్లందరికీ పతకాలిచ్చారు, మామయ్యకి తప్ప.

ఎందుకయ్యా అంటే, ఆస్పత్రి రికార్డులో "కారణం: భోజనం గిన్నె జారి కాలిమీద పడుట" అని ఉంది. రాసింది గుమాస్తాయే గానీ, చెప్పిందెవరనుకున్నారు? సాక్షాత్తూ మా మామయ్యే!

"బుద్ధుందిట్రా నీకు? గుండు పేలితే గిన్నె జారిందంటావా?" అని అరిచేది అమ్మ.

"గిన్నె కూడా జారిందక్కా," అనేవాడు, తాపీగా ఉల్లిపాయలు తరుగుతూ. ఇలాంటి మనిషితో ఏం వేగుతాం చెప్పండి!

అమరవీరుల సంస్మరణ సభలో పతకాలున్నవాళ్లకి ముందు వరస. ఓ ఏడు ఎవరో కుర్ర ఆఫీసరు మామయ్యని టీ పోసే బల్ల దగ్గరికి పంపాడు. ఈయన వెళ్లి నిజంగానే అందరికీ టీ పోశాడు! అమ్మకి ఒళ్లు మండిపోయింది. మర్నాడే మొదటి అప్పీలు పెట్టింది.

దరఖాస్తులో "గాయపడినప్పుడు చేతనున్న ఆయుధము" అని ఒక గడి. మామయ్య "గరిటె" అని రాశాడు. అమ్మ అది కొట్టేసి "ఏదో ఒక తుపాకీ" అని రాసింది. కొట్టివేతలున్నాయని తిప్పి పంపారు. అలా పదకొండుసార్లు తిప్పాక, చివరికి విచారణకి రమ్మన్నారు.

"నువ్వు నోరు విప్పకు, నేను చూసుకుంటా," అని అమ్మ దారి పొడుగునా నూరిపోసింది.

బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో ఉన్న పెద్దాయన మామయ్య కాలి ఎక్స్‌రే కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

"లోపల ఇనపముక్క ఉందే! గిన్నె జారితే ఇదెలా వచ్చిందండీ?"

"అదే కదండీ నేను ఆరేళ్లుగా..." అని అమ్మ అందుకుంది.

"మీరుండండమ్మా. ఆయన్ని చెప్పనివ్వండి."

మామయ్య లేచి నిలబడ్డాడు. "గిన్నె జారింది నిజమే సార్. పైన పద్నాలుగు మంది. రెండు రోజులుగా పస్తు. దెబ్బ తగలగానే గిన్నె వదిలేశాను. గట్టిగా పట్టుకునుంటే కొంచెమైనా మిగిలేది. మర్నాటి దాడిలో వాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఆకలితోనే పోయారు. ఏమైందని డాక్టరుగారడిగితే నాకు అదే నోట్లోకొచ్చింది. కాలు గుర్తే రాలేదు."

నాకు ఏడుపొచ్చేసింది. పెద్దాయన కలం తీసి, ఆ పద్నాలుగు మంది పేర్లూ అడిగాడు. మామయ్య తడుముకోకుండా చెప్పాడు. ఎవరు ఎంత తినేవారో కూడా చెప్పాడు.

మూడు నెలలకి పతకం, దాంతోపాటు ఉత్తర్వూ వచ్చాయి. మామయ్య పతకం డబ్బా మూతైనా తీయలేదు. అమ్మ ఉత్తర్వు పైకి చదివింది. "శత్రువుల గుండు తాకిడికి భోజనం గిన్నె చేజారినది. ఇందులో వంటవాని తప్పు ఏమియు లేదు."

"మళ్లీ చదువక్కా."

మళ్లీ చదివింది.

"తప్పు లేదనే రాశారా? నిజంగా?"

"ముద్ర కూడా వేశార్రా వెధవా," అని అమ్మ మామయ్యని పట్టుకుని భోరుమంది.