ఎనిమిదో రాయి

2022 ఫిబ్రవరి. తనకల్లు దగ్గర ఒక నల్లరాతి గట్టు. నేను రాళ్ల అయస్కాంత గుణాన్ని కొలిచే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. ఏ రాయి నేలలో పాతుకున్నదో, ఏది దొర్లి వచ్చిందో చూడగానే చెప్పగలనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

మా పని సంగతి చెప్పాలి. ఎప్పుడో భూమి లోపలి నుంచి ఎగదన్నిన రాతిద్రవం పగుళ్లలో గడ్డకట్టి గోడలా నిలుస్తుంది. దాన్ని డైక్ అంటాం. అది చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు ఆనాటి భూమి అయస్కాంతం ఎటు లాగితే అటు తిరిగి అలాగే ఉండిపోతాయి. మేం డ్రిల్లుతో బొటనవేలంత ముక్క తీస్తాం. అదే కోర్. ఉత్తరం ఎటో దాని మీద గీత గీసి ల్యాబ్‌కు తెస్తాం. రాయి పుట్టినచోటే కదలకుండా ఉంటేనే ఆ గీతకు విలువ.

ఎనిమిది చోట్ల కోర్లు తీశాను. ఏడు ఒకే దిక్కు చూపాయి. గట్టుకు కాస్త ఎడంగా ఉన్న ఎనిమిదోది తలకిందులుగా చూపింది. పరిశోధన చేస్తున్న సుజాత మేడమ్ ముఖం వెలిగిపోయింది. భూమి ఉత్తర దక్షిణాలు తారుమారైన కాలంలో పుట్టిన వేరే డైక్ అది కావచ్చు. నిజమైతే ఆమె థీసిస్‌కు అదే ఆయువుపట్టు. "ఇంకొక్క కోర్ తెచ్చిపెట్టండి, రాసేస్తాను" అంది.

మళ్లీ వెళ్లాను. డ్రిల్లు బిగిస్తుంటే గొర్రెలు మేపుకుంటున్న ఓబుళమ్మ వచ్చి నిలబడింది. యాభై దాటిన మనిషి.

"ఏమప్పా, ఆ గుండుకే మళ్లా బొక్క పెడతాండావు?"

"ఇదొక్కటీ మిగతావాటికి ఎదురు చెప్తోందమ్మా."

"చెప్పదా మరి? మా నాయన దాన్ని బోర్లించినాడు గదా."

నా చెయ్యి డ్రిల్లు మీదే ఆగిపోయింది.

"దాని నెత్తిన మాయమ్మ రోలు తొలిచి ఉండె. ఈడే కొర్రలు దంచుతాండె. ఆయమ్మ పోయినాక రోలును చూడలేక నాయన గడ్డపార ఏసి దొర్లించినాడు. నాకప్పుడు ఐదేండ్లు. మా తమ్ముడు చంటిబిడ్డ. రోలు లేదు గీలు లేదు, కలగన్నావు పో అంటాడు వాడు."

డ్రిల్లు పక్కన పెట్టి గునపం తీశాను. గంటసేపు ఇద్దరం గుండు కింద మట్టి తీశాం. ముంజేయి దూరేంత సందు దొరికింది. తేళ్లుంటాయని ముందు కట్టెతో పొడిచి, తర్వాత చెయ్యి పెట్టాను. వేళ్లకు గుండ్రటి గుంట తగిలింది. రోకలి పోట్లకు అరిగిన నునుపు. ఓబుళమ్మ కూడా చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఉండాది" అంది.

తప్పు నాదే. ఏళ్ల తరబడి వాన కొట్టుకొచ్చిన మట్టిలో సగం కూరుకుపోయిన గుండును పాతుకున్న రాయి అనుకున్నాను. సిగ్గుపడుతూనే మేడమ్‌కు ఫోన్ చేశాను. "ఎనిమిదోది కొట్టేద్దాం. ఆవిడకు నా తరఫున థాంక్స్ చెప్పండి, నా పరువు నిలబెట్టింది" అని నవ్వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే సారూ, నాయన బోర్లించింది రాయికి గుర్తుండాదా?" అని అడిగింది ఓబుళమ్మ.

"ఎవరు బోర్లించారో దానికి తెలీదమ్మా. బోర్లాపడ్డానని మాత్రం చెప్పింది. మాకే అర్థం కాలేదు."

ఇప్పుడు ఏ గట్టుకు వెళ్లినా డ్రిల్లు తీయకముందే అక్కడ గొర్రెలు మేపేవాళ్లను వెతుక్కుంటాను. ఈ రాయిని ఎవరైనా కదిలించారా అని అడిగాకే పని మొదలుపెడతాను. నా పొగరు తగ్గింది, పని బాగుపడింది.

ఆ రోజు నేను సామాను సర్దుకుంటుంటే ఓబుళమ్మ తన ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"మా తమ్ముడు. రోలు ఉండాదని నువ్వే చెప్పు."

చెప్పాను.