ముగ్గురు బ్రూటస్‌లు

1983 మార్చి, మొదటి ఆదివారం, మధ్యాహ్నం. స్థలం: కామాటిపురా, మా ఒంటిగదుల చాల్ వరండా. హాజరైనవారు: నాయనమ్మ, అమ్మ, మేనమామ, నేను.

డైరీలో పై వరస ఇలా ఉంది. ఆ రోజుల్లో నాకు జరిగింది రాసుకునే అలవాటే గాని, జరిగినదానికి నవ్వుకునే తెలివి ఇంకా రాలేదు. పగలు ఒక ఆఫీసులో ప్యూన్‌ని, పొద్దుగూకితే రాత్రి బడి విద్యార్థిని. మెట్రిక్‌లో చరిత్ర ఒక్కటే మిగిలింది (రెండుసార్లు మిగిలింది). పాసైతే గుమాస్తా కుర్చీ, లేకపోతే అదే స్టూలు. పరీక్ష మర్నాడే. నా ప్రాణానికి ఆ రోమన్ల పేర్లు దాపురించాయి. రాజును తరిమి రోములో రాజరికమే లేకుండా చేసినవాడు బ్రూటస్. దాదాపు ఐదు వందల ఏళ్ల తరవాత సీజరును పొడిచినవాడూ బ్రూటస్. ఆ రోజు సీజరును ఇంటి నుంచి సభకు పిలుచుకొచ్చినవాడు ఇంకో బ్రూటస్. మామ పుస్తకం పట్టుకొని అడుగుతుంటే, ఒకడి పాపం ఇంకొకడికి అంటగడుతున్నాను.

"అరే, ఏ బ్రూటస్‌రా? దిమాక్ ఉన్నదా?" అన్నాడు మామ.

బియ్యం ఏరుతున్న నాయనమ్మ తలెత్తింది. "పెద్దోళ్ల పేర్లు అట్ల ఒర్రుతార్రా? తాత పేరు మనుమనికి పెట్టుకున్నరు, అంతే గద."

"ఐదు వందల ఏండ్ల మనుమడా అత్తమ్మా?"

"పేరు నిలవెట్టిండు గద, మనుమడే. రాజును తరిమినాయన పెద్దాయన. పొడిచినోడు మనుమడు. పిలుచుకొచ్చినోడు పాలోడు, దాయాది. నమ్మిచ్చి బయటికి గుంజేది పాలోళ్లే గద."

(మా ఇంట్లో ఇది కొత్త కాదు. నాది తాత పేరు. భర్త పేరు నాయనమ్మ పలకదు, మామగారి పేరు అమ్మ పలకదు. అందుకని నేను ఇరవై రెండేళ్లకే "ముసలోడా".)

విసుగ్గానే ఆ వరసలకు ఒప్పుకున్నాను. సాయంత్రానికి ముగ్గురూ నోటికి వచ్చేశారు.

మర్నాడు పొద్దున నాగ్‌పాడా బడిలో పరీక్ష. బ్రూటస్ అనే పేరుగల ముఖ్యుల గురించి రాయమని ప్రశ్న. నాలుగు పేజీలు ఆగకుండా రాశాను: పెద్దాయన రాజును తరిమాడు, పాలోడు పిలుచుకొచ్చాడు, మనుమడు పొడిచాడు. గంట కొట్టాక, మాస్టారు కాగితాలు అందుకుంటుంటే కంటబడింది. ఆ నాలుగు పేజీల్లో బ్రూటస్ అన్న మాట ఒక్కచోటా లేదు. ఒక్క నిమిషం ఇమ్మన్నాను. "వేళ్ సంప్లీ", టైమైపోయిందని ఆయన మరాఠీలో ముగించి కట్ట కట్టేశాడు.

ఇంటికొస్తే గుమ్మంలోనే నాయనమ్మ. "ముగ్గురిని రాసినవా ముసలోడా?"

"రాసిన."

"పేరు పెట్టి రాయలే గద?"

"ఒక్కసారి గూడ రాయలే."

"మంచి పని చేసినవ్" అని ఛాయ్ గిలాస ముందు పెట్టింది. నాకు ఒళ్లు మండి, తాగకుండా లేచిపోయాను.

ఆ ఏడు చరిత్రలో నన్ను పాస్ చేసింది ఆమె ఒక్కతే. ఆ ఛాయ్ తాగి ఉండాల్సింది.