నేను పుట్టించని నిప్పు

ఇరవై ఏళ్లుగా లాల్‌దర్వాజా దగ్గర ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతున్నాను. నిప్పు పాఠం వచ్చినప్పుడల్లా "ఆదిమానవుడు రెండు రాళ్లు కొట్టి నిప్పు పుట్టించాడు" అని బోర్డు మీద రాసి, కింద రెండు రాళ్లు, వాటి మధ్య ఒక నిప్పురవ్వ గీస్తాను. బొమ్మ చాలా బాగా వేస్తాను. అంతకు మించి ఆ విషయంలో నాకు తెలిసింది ఏమీ లేదు.

ఈ ఏడు ఎనిమిదో తరగతిలో, మొదటి బెంచీలో కూర్చునే పిల్ల లేచి నిలబడింది. "టీచర్, మీరెప్పుడన్న గిట్ల చేసిండ్రా?"

లేదంటే సరిపోయేది. నా నోరు మాత్రం "ఆ, చానాసార్లు" అనేసింది. ఆ చానాసార్లు ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. ఒక్కసారి అని ఉంటే అబద్ధమైనా కాస్త మర్యాదగా ఉండేది. "అయితే మాకు చూపెట్టుండ్రి టీచర్" అంది. క్లాసంతా బల్లలు చరిచింది. వచ్చే సోమవారం చూపిస్తానని మాటిచ్చేశాను.

ఆ సాయంత్రమే రెండు గులకరాళ్లు పట్టుకుని డాబా ఎక్కాను. అరగంట కొట్టాను. నిప్పు రాలేదు గానీ బొటనవేలు వాచింది. కింద వాటాలో ఉండే ఓనరమ్మ కేకేసింది. "ఏం దంచుతున్నవమ్మా పైన?"

"మసాలా" అన్నాను. ఒక్క రోజులో రెండో అబద్ధం. నిప్పు సంగతి ఏమో గానీ, ఈ విద్యలో నాకు చెయ్యి బాగానే తిరిగింది.

మా ఆయన నా వేలు చూసి "ఏందే గిది? ఇంట్ల గ్యాస్ లైటర్ లేదా?" అన్నాడు. ఆయనకు సైన్సు మీద గౌరవం లేదు.

మా గల్లీలోకి సైకిలుకు సానరాయి బిగించుకుని, కత్తులు నూరే పెద్దాయన ఒకాయన బార్కస్ నుంచి వస్తాడు. చక్రం తొక్కుతుంటే కత్తి దగ్గర రవ్వలు రాలుతాయి. మర్నాడు ఆయన్ని ఆపి, సిగ్గు విడిచి అడిగాను. "భాయ్, రాయికి రాయి కొడితే నిప్పు ఎందుకొస్తలేదు?"

"క్యా మేడం, రవ్వలు ఇనుములకెల్లి వస్తయి. రాయి గీకితె ఇనుము పొడి మండుతది. ఇస్కూల్ల మీరే చెప్తరు గదా?"

చెబుతాను. అదే కదా గొడవ.

ఆయన తన సంచిలోంచి ఇనుము అరగదీసే పాత ఆకురాయి ముక్క తీసి ఇచ్చాడు. అంచు పదునుగా ఉన్న తెల్లటి పలుగురాయి వెతుక్కోమన్నాడు. పాత నూలుగుడ్డ డబ్బాలో పెట్టి, గాలి తగలకుండా మాడ్చి, నల్లగా మసి చేసుకుంటే రవ్వను అదే పట్టుకుంటుందన్నాడు. రాయి ఇల్లు కడుతున్న చోట కంకరకుప్పలో దొరికింది. గుడ్డ మా ఆయన బనియన్. దాన్ని నస్యం డబ్బాలో కుక్కి, పొగ పోవడానికి మూతకు మేకుతో సన్నటి బెజ్జం పెట్టి స్టవ్ మీద ఉంచాను. ఆత్రం ఆగక వేడి మీదే మూత తీశాను, భగ్గుమంది. రెండో బనియన్‌కు బుద్ధి వచ్చి, పొగ ఆగి డబ్బా చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఆకురాయి మీద పలుగురాయి కొట్టీ కొట్టీ, ఆదివారం సాయంత్రానికి మూడు వేళ్లకు పట్టీలు. అప్పుడు ఒక రవ్వ మసిగుడ్డ మీద పడి, ఆవగింజంత ఎర్రగా నిలిచింది. కొబ్బరిపీచులో పెట్టి ఊదితే మంట లేచింది. నలభై ఏడేళ్ల దాన్ని, డాబా మీద గంతులేశాను.

సోమవారం బడి ఆవరణలో పిల్లలు చుట్టూ నిలబడ్డారు. ఎన్నో దెబ్బకో రవ్వ అంటుకుంది. పీచు మండగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మాత్రం నన్ను చూడకుండా మిగతావాళ్ల వైపు తిరిగింది. "చెప్పిన గదనే! టీచర్ అబద్ధం చెప్పదని. మీరే నమ్మకపోతిరి!"

అంటే వారం రోజులుగా నా తరఫున ఒంటరిగా పోట్లాడుతోందన్నమాట. చెప్పలేనంత సిగ్గేసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చప్పట్లు ఇంకా మోగుతున్నాయి కూడా. కానీ ఆ ముఖం చూశాక ఊరుకోలేకపోయాను.

"నేను అబద్ధమే చెప్పిన. నిన్న సాయంత్రం దాక నాకు రాకుండె. బోర్డు మీద రాసింది గూడ సగం తప్పే" అన్నాను.

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. తలవంచి నా వేళ్ల పట్టీలను చాలాసేపు చూసింది. ఇక నా క్లాసులో ఈ పిల్ల మళ్లీ లేచి ఏదీ అడగదనుకున్నాను.

"నిన్ననే వచ్చిందా టీచర్?"

"నిన్ననే."

"అయితే రేపటికల్ల నాకు గూడ వస్తది" అని నా చేతిలోంచి రాయి లాక్కుంది.