మర్నాడేటయింది?

మా సోషల్ మాస్టారు పోయారని నాకు చెప్పింది ముక్కూమొహం తెలియని మనిషి. నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా నాకు జిరాక్స్ షాపుంది. పొద్దున్న పదింటికి ఆధార్ కార్డు కాపీలకని వచ్చినాయన గొడుగు మడుచుకుంటూ, "బలిఘట్టం రోడ్డులో సోషల్ మాస్టారు పోయేరంటండి. నిద్దర్లోనేనంట. మీకు తెలీదేటి?" అన్నాడు. "నాకెందుకు తెలుస్తుందండీ? నేనేమైనా ఆయన చుట్టాన్నా?" అని ఇంతెత్తున లేచాను. పాపం, ఆయన బిత్తరపోయాడు. రెండు కాపీలడిగిన మనిషికి పద్నాలుగు తీసి చేతిలో పెట్టాను. మిషను ఆపాలన్న సంగతి కూడా గుర్తులేదు.

షట్టరు దించేసి వెళ్ళాను. మాస్టారింటి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. ఎవరో జాలిపడి కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోలేదు. ఆయన్ని తీసుకెళ్ళేదాకా ఆ వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. కారణం చెప్తే నవ్వుతారేమో. నేను ఆయనకి ఒక పేజీ రాసివ్వాలి. రాస్తాను రాస్తానని ముప్పై ఏళ్ళు ఎగ్గొట్టిన పేజీ. అది రాయకుండా ఏ మొహం పెట్టుకుని ఆయన మొహం చూడను?

మొదట్నుంచి చెప్తాను, లేకపోతే నాకే బుర్ర నిలవదు.

మాస్టారు క్లాసులో ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. కిటికీ నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి కిటికీకి నడుస్తూ పాఠం చెప్పేవారు. కుడి చేతిలో సుద్దముక్క, ఎడం చెయ్యి చొక్కా జేబులో. యుద్ధం అయిపోయింది, సంధి మీద సంతకాలయిపోయాయి, మేం పుస్తకాలు మూసేయబోతుంటే ఆయన కిటికీ దగ్గర ఆగిపోయేవారు. "బాగుంది. మర్నాడేటయింది?" పుస్తకంలో లేదు సార్ అనేవాళ్ళం. "పుస్తకంలో ఉండదమ్మా. ఆ సిపాయి ఇంటికెలా ఎల్లేడు? రైల్లో సీటు దొరికిందా? ఎల్తే పిల్లలు గుర్తుపట్టేరా?" పరీక్షల్లో రాని ప్రశ్నలతో పిల్లల బుర్రలు పాడుచేస్తున్నారని ఎవరి తండ్రో వచ్చి హెడ్మాస్టరు గదిలో పెద్ద గొడవ చేశాడు. మాస్టారు ఆయన చెప్పిందంతా విని, "మీరు సెప్పింది నిజమేనండి" అని, వచ్చి మళ్ళీ నడవడం మొదలుపెట్టారు.

ఇక ఆ పేజీ ఏ కథలోదో చెప్తాను. విశాఖ పోర్టులో పనిచేసే మాస్టారి అన్నగారు, ఓడల వాళ్ళు వదిలేసిన ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకాలు తెచ్చి ఆయనకి ఇచ్చేవారట. అందులో ఐదుగురు వీరుల జట్టు. ఒకావిడ ఎగురుతుంది. ఒకాయన బండలెత్తుతాడు. ఒకాయన కావాలంటే ఎవరికీ కనబడడు. ఇంకొకాయన జిల్లా అవతల మాట వింటాడు, మరొకాయన రైలుకన్నా ముందు పరిగెడతాడు. పాత పుస్తకంలోనూ, ముప్పై ఏళ్ళ తరవాతి పుస్తకంలోనూ వాళ్ళ వయసు మాత్రం ఒక్కటే. మాస్టారికి అక్కడే మండింది. "సెంద్రుడి మీదికి మనిషెల్లొచ్చేడు, ఈళ్ళకి మాత్రం ఒక్క తెల్లెంట్రుక రాలేదు. ఇదేటి బతుకమ్మా? బతుకైతే వయసు రావాల" అనేవారు. అందుకని ఆ జట్టుని ఎత్తుకొచ్చి నర్సీపట్నంలో దించేశారు. స్వాతంత్ర్యం వచ్చిన యేడాదికి అందరికీ పాతికేళ్ళు. అక్కణ్ణుంచి మనతోపాటే ముసలాళ్ళవ్వాలి.

రాసేది ఆయన కాదు, మేం. లాంగ్ నోట్‌బుక్కులు కలిపి కుట్టించిన లావు పుస్తకం ఒకటుండేది. పదో తరగతి బ్యాచ్ ఒక్కొక్కటీ నాలుగైదేళ్ళ చరిత్ర రాసి కింది బ్యాచ్‌కి అప్పగించాలి. నిజంగా జరిగినదాన్ని మార్చకూడదు. పై బ్యాచ్ రాసినదాన్ని కొట్టేయకూడదు. అంతే షరతులు. మొట్టమొదటి బ్యాచ్ వాళ్ళు స్వాతంత్ర్యం వచ్చిన రోజున జెండా తాడు చిక్కుపడితే ఎగిరే ఆవిడ పైకెళ్ళి విప్పిందని రాశారు. ఇంతేనా సార్, దేశాన్ని విడిపించలేదా అని అడిగారట. "దేశాన్ని జనం కష్టపడి తెచ్చుకున్నారు. మీ ఎగిరే ఆవిడ తాడు ఇప్పింది. అది సాలు" అన్నారట మాస్టారు. ఎమర్జెన్సీ నాటికి మా పై బ్యాచ్ వాళ్ళు, కనబడనాయన చేత జైల్లో ఉన్నవాళ్ళకి ఇంటి ఉత్తరాలు మోయించారు. ఆ పేజీలు చదివి మాస్టారు రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నారని చెప్పుకునేవాళ్ళు.

మా వంతుకి దివిసీమ ఉప్పెన వచ్చింది. నా చేతిరాత బాగుంటుందని నన్నే రాయమన్నారు. ఎగిరే ఆవిడ పేరు సత్యవతి. నాకు ఆవిడంటే ప్రాణం. అప్పటికి ఆవిడకి యాభై అయిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, అయినా ఎగురుతుంది! మూడు పేజీలు రఫ్‌లో రాసి పట్టుకెళ్ళాను. సత్యవతి ఊళ్ళకి ఊళ్ళు ఎత్తి గట్టున దించేస్తుంది, సముద్రం వచ్చేసరికి అక్కడ ఒక్క మనిషీ ఉండడు. మాస్టారు నడక ఆపి మొత్తం చదివారు.

"బాగా రాసేవు. గాని ఇలా జరగలేదమ్మా. ఆ వేళ వేలమంది పోయేరు. ఆళ్ళ పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. మీ అమ్మనీ నాన్ననీ నేను బతికించీసేనని ఆళ్ళకి సెప్పగలవా?"

పదిహేనేళ్ళ పిల్లని. క్లాసంతా చూస్తోంది. మొహం మండిపోయింది. "అయితే ఆవిడా పోనీండి!" అని బెంచీ దగ్గరికి వెళ్ళి, అసలు పుస్తకం తీసి, పెన్నుతో ఒక్క వాక్యం రాసేశాను. "సత్యవతి కూడా ఆ ఉప్పెనలో పోయింది."

"ఓలమ్మో! సత్యవతిని సంపీసింది సార్!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు. నిజం చెప్పొద్దూ, ఆయన తిడతారని, కొట్టేయమంటారని ఎదురుచూశాను. ఒక్క మాట అంటే కొట్టేసేదాన్ని. ఆయన వచ్చి, నా పక్కన నిలబడి చదివారు. ఎడం చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది.

"సరే. పోయింది. మర్నాడేటయిందో రాయి."

"పోయాక ఇంకేముంటుంది సార్ రాయడానికి?"

"పోయింది ఆవిడమ్మా. ఆ ఇంటికి మర్నాడు ఉంటాది కదా."

రాయలేదు. బెల్లు కొట్టారు, ఆ తరవాత పరీక్షలొచ్చాయి, బడి వదిలి వెళ్ళిపోయాను. నా వాక్యం తరవాత ఒక పేజీ ఖాళీగా వదలమని కింది బ్యాచ్‌కి చెప్పారట. "అది ఆ గుంట పేజీ. అదే వచ్చి రాస్తాది" అన్నారట నా గురించి.

అక్కణ్ణుంచి నా పని అయిపోయింది. నా పెళ్ళి పందిట్లో ఒక పిల్ల నన్ను చూపించి, సత్యవతిని చంపిన అక్క ఈవిడే అని చెవిలో చెప్తుంటే విన్నాను. షాపుకి వచ్చే కుర్ర లెక్చరర్లు కూడా, "మీరేనాండీ..." అని ఆగిపోయేవారు. మీకు కాపీలు కావాలా, కబుర్లు కావాలా అని కసిరేదాన్ని. మాస్టారు మాత్రం నెలకోసారి ఏదో ఒక కాగితం పట్టుకుని వచ్చేవారు. టీ చెప్తే సగం నా గ్లాసులోకి వంపేసి, నిలబడే తాగి, వెళ్తూ వెళ్తూ అడిగేవారు. "రాసేవా?" ఖాళీ లేదు మాస్టారూ అనేదాన్ని. "సరేలే, తొందరేటీ లేదు" అనేవారు. ఒకసారైతే ఆయన రోడ్డు దాటి రావడం చూసి, కాగితాల కట్ట దించుకునే వంకతో కౌంటరు కింద కూర్చుండిపోయాను. ఆయన పావుగంట నిలబడి, పక్క షాపువాళ్ళతో మాట్లాడి వెళ్ళిపోయారు.

నేను పారిపోయినా పుస్తకం ఆగలేదు. కొన్నాళ్ళకి కథ మా కాలాన్ని అందుకుంది, అప్పట్నుంచి ఏ బ్యాచ్ యేడాదిని ఆ బ్యాచే రాసుకుంది. హుద్‌హుద్ తుఫాను నాటికి బండలెత్తే ఆయనకి తొంభై దాటాయి. గాలికి వీధి తలుపు ఊడిపోతుంటే దానికి వీపు ఆన్చి కూర్చున్నాడని రాశారు పిల్లలు, అంతకుమించి ఆయన ఏం చేయగలడు? కరోనా వచ్చేసరికి మాస్టారు రిటైరయిపోయారు. పిల్లలు వాట్సాప్‌లో పంపితే ఆయనే పుస్తకంలోకి ఎక్కించుకున్నారు. దూరం వినే ఆయనకి అప్పటికి చెవిలో మిషను, మాస్కు తగిలిస్తే మిషను ఊడిపోయేదట. ఇప్పుడు నలుగురికీ నూట మూడేళ్ళు. అందరూ బతికే ఉన్నారు. ఎందుకో తెలుసా? ఒకర్ని చంపితే మర్నాడు రాయాలి. నా ఖాళీ పేజీ చూసి ఏ బ్యాచ్‌కీ ధైర్యం చాలలేదు.

పోయిన నెలలో మాస్టారు ఆఖరిసారి వచ్చారు. ఆయాసపడుతున్నారు, అయినా కూర్చోమంటే కూర్చోలేదు. షాపు నిండా జనం, మిషన్లో కాగితం ఇరుక్కుంది. "రాసేవా అమ్మా?" అన్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అది కథ మాస్టారూ! నిజంగా ఎవరు పోయారని మర్నాడు రాయమంటారు?" అని అందరి ముందూ అరిచాను.

"కథే అమ్మా. కథ కాబట్టే అడుగుతన్నాను. నిజంగా పోయినోళ్ళింటికెల్లి ఇలా అడగ్గలనేటి?" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ వేళ టీ కూడా చెప్పలేదు నేను. ఇది రాస్తుంటే ఇప్పటికి మూడుసార్లు కుర్చీలోంచి లేచాను.

ఆయన పోయిన మర్నాడు వెళ్ళాను. ఈసారి లోపలికి వెళ్ళాను. మాస్టారి భార్యని మేమంతా అమ్మగారంటాం. అనకాపల్లి నుంచి వచ్చిన కూతురు పక్కగదిలో ఫోన్లో మాట్లాడుతోంది. అమ్మగారు మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఏడవలేదు. "ఇవి మొన్ననే తెచ్చుకున్నారమ్మా. అట్టలు కూడా ఇప్పలేదు. మందుల షాపోడు ఎనక్కి తీసుకుంటాడేటి?" అన్నారు. తీసుకుంటాడు, నేను కనుక్కుంటాను అన్నాను.

అంతలో గ్యాస్ బండ వచ్చింది. గుమ్మంలోంచి ఓటీపీ చెప్పమన్నాడు గ్యాసతను. టేబుల్ మీద మాస్టారి ఫోను టింగుమంది. దాని లాక్ తియ్యడం ఇంట్లో ఎవరికీ తెలియదు. "మాస్టార్ని పిలవండమ్మా, ఆయనే సెప్తారు" అన్నాడు అతను. అమ్మగారు నా వైపు చూశారు.

"బయటికెళ్ళారు" అన్నాను.

"సరే, వచ్చేక ఫోన్ చెయ్యమనండి" అని బండ దించేసి వెళ్ళిపోయాడు.

"బయటికెల్లేరన్నావేటమ్మా?" అన్నారు అమ్మగారు.

"నోటికొచ్చేసిందండీ."

"పొద్దున్న పాలావిడికి నేనూ అలాగే సెప్పేను" అని ఆవిడ అప్పుడు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చామో తెలియదు.

తరవాత పుస్తకం అడిగాను. బీరువాలోంచి తీసిచ్చారు. "నీకిమ్మని ఏటీ సెప్పలేదమ్మా, అబద్ధం సెప్పను. పడుకున్నారు, లేవలేదు, అంతే" అన్నారు. నా వాక్యం చూశాను. దాని తరవాత తెల్ల పేజీ. ఆ తరవాత ఎన్నో చేతిరాతలు. అన్నీ తిరగేశాను. అంత లావు పుస్తకంలో ఆ నలుగురిలో ఒక్కరు కూడా సత్యవతి పేరెత్తలేదు. తమతో పాతికేళ్ళప్పట్నుంచి తిరిగిన మనిషి గురించి ఒక్క మాట లేదు. ఎలా ఎత్తుతారు? ఆవిడ కోసం ఏడవడానికి వాళ్ళకి నేను ఒక్క రోజు ఇవ్వలేదు. చచ్చేంత సిగ్గేసింది. అమ్మగారిని పెన్ను అడిగి, అక్కడే, ఆ మాత్రల డబ్బా పక్కన కూర్చుని రాశాను. లేవలేదు. రాసింది ఇక్కడ పెడుతున్నాను. దిద్దడానికి ఆయన లేరు, తప్పులుంటే మీరే చెప్పండి.

"మర్నాడు పొద్దున్న నర్సీపట్నంలో సత్యవతి వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. పేపరు ఇంకా రాలేదు. దూరం వినే ఆయనకి ఒక్కడికే తెలుసు, ఎందుకంటే తెల్లారినప్పట్నుంచి ఎంత చెవి పెట్టినా ఆవిడ గొంతు వినబడలేదు. ఆయన మిగతా ముగ్గురికీ చెప్పాడు. నలుగురూ ఆ ఇంటికి వెళ్ళారు. వాళ్ళమ్మకి ఎనభై ఏళ్ళు. 'సత్యవతి ఇంకా రాలేదు నాయనా, వచ్చేస్తాది, కూకోండి' అంది. ఎవరూ కూర్చోలేదు. పరిగెత్తే ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. కనబడనాయన ఆ పూట అందరికీ కనబడుతూనే ఉన్నాడు. బండలెత్తే ఆయన, ఏం ఎత్తాలో తెలియక, అరుగు మీద ఖాళీ బిందె ఎత్తుకుని నూతి దగ్గరికి వెళ్ళాడు."