వెనక్కి కట్టుకున్న చేతులు

పదిమంది చేత చొక్కాలు కుట్టించే పెద్దక్క, కుట్టు గదిలోకి అడుగు పెట్టగానే చేతులు రెండూ వెనక్కి కట్టుకుంటుంది. సూది పోట్లతో కొసలు గట్టిపడిన పొడవాటి వేళ్లు అవి. ఎంత వంకర కాలరైనా వాటికి లొంగాల్సిందే. అయినా నిరుడు మంచి పనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. మిగిలినవాళ్లనైనా నిలుపుకోవాలని వాళ్ల మధ్య పీట వేసుకుని కూర్చుని, "నా తప్పేంటో మొహమాటపడకుండా చెప్పండర్రా" అంది. చివరికి కాజాలు కుట్టే ఒకామె నోరు విప్పింది. "కుట్టు కాస్త వంకరపోతే చాలు, చేతిలోంచి లాక్కుని నువ్వే కుట్టేస్తావు. మరి మేమెందుకక్కా, దారాలు తుంచడానికా?" ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దక్క మొహం కందగడ్డలా అయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, "ఇంకా?" అంది. ఆ సాయంత్రమంతా వింటూనే ఉంది.

ఇప్పుడు కుట్టు ఎక్కడ తప్పిందో చెప్పి ఊరుకుంటుంది. వెనకాల వేళ్లు మాత్రం ఒకదాన్నొకటి నలుపుకుంటూ ఉంటాయి. ఈ ఏడాది ఎవరూ మానలేదు.